మా వంశంలో లేదు

పోయిన వారం కథలో వీళ్ళను ఆసుపత్రి లిఫ్టులో వదిలాం. పదిహేనేళ్ళ ఆమనికి చేతులు ఎందుకు వణుకుతున్నాయో, మాట ఎందుకు ముద్దగా వస్తోందో, కళ్ళు ఎందుకు పచ్చబడుతున్నాయో చాలామంది డాక్టర్లకు అంతుపట్టలేదు. చివరికి జన్యువ్యాధుల నిపుణుడు డాక్టర్ మధు ఆ పిల్ల కంటి నల్లగుడ్డు అంచున రాగిరంగు వలయం చూసి, ఇది విల్సన్ వ్యాధి అన్నాడు. తిండిలోంచి వచ్చే రాగిని బయటికి పంపలేక, కాలేయంలోనూ మెదడులోనూ పేర్చుకుంటూ పోయే జబ్బు అది. పిల్లకు మందులు మొదలయ్యాయి. ఆ వెంటనే ఇంటిల్లిపాదికీ నెత్తురు తీసి డీఎన్ఏ పరీక్షకు పంపారు. పిల్ల తల్లి రోహిణి. ఆమె తండ్రి ఎల్లేశం నార్సింగి నుంచి వచ్చి, "నా మనవరాలి కోసం ఎంత కావాల్నో అంత తీస్కోండ్రి" అని చెయ్యి చాపాడు. ఆమె మామగారు విశ్వేశ్వరరావు మాత్రం సూది గుచ్చుతున్న నర్సుతో, "మా వంశంలో ఇలాంటివి లేవమ్మా. ఆ సంగతి రుజువు చెయ్యడానికే ఇస్తున్నా" అన్నాడు.

ఇవాళ ఆ ఫలితాలు వచ్చాయి.

లిఫ్టు తలుపు తెరుచుకోగానే విశ్వేశ్వరరావు అందరికంటే ముందు దిగాడు. చీఫ్ ఇంజనీరుగా రిటైరై పదిహేనేళ్ళు దాటినా, ఆయన నడక మాత్రం ఇంకా కింది ఉద్యోగులు వెంట వస్తున్నట్టే ఉంటుంది. తెల్లటి ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, ముఖాన విభూతి. వెనక ఆయన భార్య బాలాత్రిపురసుందరి. ఆవిడ వెనక కూతురు జయంతి. ఈ పరీక్షలతో జయంతికి పనేమీ లేదు. పొద్దున్నే మూసాపేటకు ఫోన్ చేసి మరీ రప్పించాడు తండ్రి. "నువ్వూ రా. మీ మరదలి ముఖం ఎలా ఉంటుందో చూద్దువుగాని" అన్నాడు. ఆ మాట రోహిణి వంటింట్లోంచి విన్నది. విననట్టు ఊరుకోవడం ఆ ఇంట్లో ఆమె మొట్టమొదట నేర్చుకున్న విద్య.

అందరికంటే చివర బాలు దిగాడు. విశ్వేశ్వరరావు కొడుకు, రోహిణి మొగుడు, ఆమని తండ్రి. ఇన్ని హోదాలున్నా ఒక్కదానికీ పూర్తిగా న్యాయం చేసినవాడు కాదు. చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని ఆఫీసు మీటింగు వింటున్నాడు. అమెరికాలో ఎవరి సర్వరో పడిపోయిందట. కన్నకూతురి జబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసే రోజున కూడా ఆ సర్వరు లేచి నిలబడటమే ముఖ్యమన్నట్టు ఉంది అతని ముఖం.

ఆమని రాలేదు. రెండు రోజులుగా నార్సింగిలో అమ్మమ్మ రుక్కమ్మ దగ్గర ఉంది. నల్లగండ్లలోని తమ ఫ్లాట్‌లో ఉంటే విశ్వేశ్వరరావు ఏం మాట్లాడతాడో, ఆ మాటలు పిల్ల ఎక్కడ వింటుందోనని రోహిణే పంపింది.

డాక్టర్ మధు గది చిన్నది. కిటికీలోంచి అద్దాల భవనాలు, వాటి మధ్య ఇరుక్కున్న ఫ్లైఓవరు కనిపిస్తున్నాయి. అందరూ కూర్చున్నాక ఆయన తలుపు మూశాడు.

"ఫలితాలు అందరి ముందూ చెప్పడం నాకు అలవాటు లేదండి. ఎవరివి వాళ్ళకు సొంతం. ఒక్కొక్కరినీ విడిగా పిలుస్తాను" అన్నాడు.

"అక్కర్లేదు డాక్టరుగారూ" అన్నాడు విశ్వేశ్వరరావు. "దాచుకోవలసినవి ఉన్నవాళ్ళు కావాలంటే బయట కూర్చోవచ్చు. నా వరకు నాది అందరి ముందూ చెప్పండి. ఆ మాటకొస్తే మా అమ్మాయిని వినడానికే తీసుకొచ్చాను."

దాచుకోవలసినవి అన్నప్పుడు ఆయన చూపు రోహిణి మీద ఉంది.

"నాది కూడా అందరి ముందే చెప్పండి. మా నాన్న కూడా చెప్పమన్నారు" అంది రోహిణి. బాలు తలూపాడు. బాలాత్రిపురసుందరిని అడిగితే ఆవిడ ముందు భర్త వైపు చూసి, ఆ తర్వాత "సరేనండి" అంది.

డాక్టర్ మధు ఒక తెల్ల కాగితం ముందుకు లాక్కున్నాడు.

"మనిషి డీఎన్ఏ మొత్తం దాదాపు మూడు వందల కోట్ల అక్షరాలు. దాన్ని మొదటిసారి చదవడానికి ఎన్నో దేశాల శాస్త్రవేత్తలు కలిసి పనిచేస్తే పుష్కరం పైనే పట్టింది. ఆ పటం చేతికి వచ్చింది కాబట్టి ఇవాళ మీ నెత్తురు తీసుకుని కొన్ని వారాల్లో చదవగలుగుతున్నాం. అన్నిసార్లూ ఇంత తేటగా తేలదు. చాలామందిలో కనిపించిన తేడా జబ్బు తెచ్చేదో కాదో చెప్పలేక చేతులెత్తేస్తాం. మీ విషయంలో అలాంటి సందేహం లేదు."

కాగితం మీద రెండు నిలువు గీతలు గీశాడు.

"రాగిని ఒంట్లోంచి పంపించే పని ఒక జన్యువుది. అందరికీ అది రెండు ప్రతులు ఉంటుంది. అమ్మ ఇచ్చింది ఒకటి, నాన్న ఇచ్చింది ఒకటి. ఒకటి చెడినా రెండోది పని నడిపిస్తుంది. అలాంటి మనిషికి ఏ జబ్బూ ఉండదు, నిక్షేపంగా బతుకుతాడు. రెండూ చెడితేనే జబ్బు. ఆమనిలో రెండూ చెడ్డాయి."

"అందులో తల్లి వైపు నుంచి వచ్చింది..." అని అందించాడు విశ్వేశ్వరరావు.

"ఒకటి రోహిణిగారి నుంచి వచ్చింది. ఆవిడకు ఎల్లేశంగారి నుంచి వచ్చింది."

విశ్వేశ్వరరావు కుర్చీలో వెనక్కి వాలాడు. ఇక మిగతాది వినకపోయినా ఫరవాలేదన్నంత తృప్తి ఆ వాలడంలో ఉంది.

"చెప్పానా జయంతీ? బాలు ఈ పిల్లను చేసుకుంటానన్న రోజే చెప్పాను. కల్లు గీసుకునే కొంపలోంచి పిల్లను తెస్తే ఏమవుతుంది? తరతరాలుగా ఒంట్లో ఊరిన విషం ఎక్కడికి పోతుంది? ఆ ఎల్లేశానికి ఇవాళ భూమి రేటు పెరిగి కారు వచ్చిందేమోగాని, నెత్తురు మారుతుందా?"

"కల్లుకూ దీనికీ ఏ సంబంధమూ లేదండి" అన్నాడు డాక్టర్ మధు. "ఇంకా నేను రెండోది చెప్పలేదు."

"చెప్పండి, చెప్పండి."

"రెండో ప్రతిలో ఉన్న తప్పు వేరు. అది ఎల్లేశంగారి ఇంట్లో ఎవరికీ లేదు. అది బాలుగారి నుంచి వచ్చింది."

బాలు చెవిలోంచి ఇయర్‌ఫోను తీశాడు. "నా నుంచా?" అన్నాడు, ఎవరో తన పేర వేరేవాళ్ళ పని రాసినట్టు.

విశ్వేశ్వరరావు ముఖంలో తృప్తి ఒక్క క్షణం చెదిరింది. మళ్ళీ వెంటనే కుదురుకుంది. ఆయన మెడ మెల్లగా భార్య వైపు తిరిగింది.

"ఓహో. అయితే ఇది మీ పుట్టింటి సరుకన్నమాట" అన్నాడు. "మీ మేనమామ ఒకడు నలభై నిండకుండా పోయాడు కదూ? మా అమ్మ అప్పుడే అన్నది, వీళ్ళ ఇంట్లో మగవాళ్ళు నిలవరని. నేనే మంచితనానికి పోయి పట్టించుకోలేదు."

బాలాత్రిపురసుందరి కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. యాభై ఏళ్ళుగా ఆ ఇంట్లో పాలు విరిగినా, కరెంటు పోయినా, కొడుక్కి మార్కులు తగ్గినా తప్పు ఆవిడ పుట్టింటి నుంచే వచ్చింది. ఇదీ అలాగే వచ్చి ఉంటుందని ఆవిడ కూడా నమ్మేసినట్టే కనిపించింది.

"బాలాత్రిపురసుందరిగారి రెండు ప్రతులూ బాగున్నాయి" అన్నాడు డాక్టర్. "ఆ తప్పు మీలో ఉందండి, విశ్వేశ్వరరావుగారూ. మీ నుంచి బాలుగారికి, ఆయన నుంచి ఆమనికి."



"పొరపాటు" అన్నాడు విశ్వేశ్వరరావు.

"రెండు పద్ధతుల్లో సరిచూశామండి."

"ఏం సరిచూస్తారండీ మీరు? ఈ హైటెక్ సిటీ ల్యాబుల సంగతి నాకు తెలియదా? నిన్నమొన్న కాలేజీలోంచి వచ్చిన పిల్లలు, చెవుల్లో పాటలు, చేతుల్లో సీసాలు! నా రక్తమూ ఆ ఎల్లేశం రక్తమూ తారుమారు చేసి ఉంటారు. నేను డ్యాములు కట్టించినవాణ్ణి, నాకు చెప్పకండి."

"తారుమారు కాలేదండి" అన్నాడు డాక్టర్ మధు, గొంతు పెంచకుండా. "అలా జరిగి ఉంటే, ఈ లెక్కన బాలుగారు ఎల్లేశంగారి కొడుకు కావాలి."

రోహిణి నవ్వింది. ఆపుకుందామనుకున్న నవ్వు కాదు. పైకే నవ్వింది.

"ఎందుకా నవ్వు?" అన్నాడు విశ్వేశ్వరరావు.

"ఏం లేదండి" అనబోయి ఆగింది. పదహారేళ్ళుగా ఆ మాటే అంటోంది. ఇవాళ నోటికి రాలేదు.

డాక్టర్ మధు కాగితం తిప్పి ఇంకోవైపు తీసుకున్నాడు. "నేను పెద్దవాళ్ళకు పరీక్ష చేయించింది తప్పు ఎవరిదో తేల్చడానికి కాదు. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఏ వైపు చుట్టాల్లో వెతకాలో తెలియడం కోసం. ఇదే జబ్బు ఇంకెవరికైనా ఉండి, ఇంకా బయటపడకపోతే వాళ్ళను ముందే కాపాడుకోవచ్చు. అందుకని అడుగుతున్నా. మీ తోబుట్టువుల్లో ఎవరికైనా కాలేయం జబ్బు, చేతుల వణుకు, చిన్న వయసులో పోవడం, ఇలాంటివి..."

"లేవు. మా వంశంలో అలాంటివి లేవు."

"ఉన్నాడుగా" అంది బాలాత్రిపురసుందరి.

అందరూ ఆవిడ వైపు చూశారు. ఆవిడ కొంగు చివర వంకే చూస్తూ మళ్ళీ అంది. "సుబ్బరాయుడు."

"వాడా!" విశ్వేశ్వరరావు పెదవి విరిచాడు. "వాడి సంగతి ఇక్కడెందుకు? డాక్టరుగారూ, నాకొక తమ్ముడు ఉండేవాడు. పచ్చి తాగుబోతు. మంచి తెలివైనవాడు, బి.ఎస్సీ.లో ఉండగా చెడిపోయాడు. చేతులు వణికేవి. అన్నం కలుపుకుంటే సగం కిందే. నోట్లోంచి చొంగ. ఏం అడిగినా పళ్ళు ఇకిలించడం తప్ప సమాధానం లేదు. రోడ్డు మీద తూలుకుంటూ నడుస్తుంటే ఊరంతా మమ్మల్ని చూసి నవ్వేది. చివరికి మా నాన్నగారు గొడ్లసావిట్లోకి నెట్టి తలుపు వేశారు. అక్కణ్ణించీ పారిపోయి, గుంటూరు పెద్దాసుపత్రిలో కడుపు ఉబ్బి చచ్చాడు. కబురొస్తే నేను వెళ్ళలేదు. వెళ్ళనందుకు ఇవాళ్టికీ విచారం లేదు. అలాంటివాడు మాకు చుట్టమని చెప్పుకోవడమే సిగ్గు."

డాక్టర్ మధు రాయడం ఆపాడు. "ఎంత వయసు అప్పుడు?"

"ఇరవై నాలుగో, ఐదో."

"ఆయన తాగడం ఎవరైనా చూశారా?"

"వేరే చూడాలా ఏమిటండీ? మనిషిని చూస్తే తెలియదూ?"

"తాగేవాడు కాదు" అంది బాలాత్రిపురసుందరి. ఈసారి తలెత్తింది. "నేను ఆ ఇంటికి కొత్త కోడల్ని. వెనక వసారాలో అతనికి అన్నం పెట్టేదాన్ని. ఒక్కనాడూ వాసన రాలేదు. ఆ ఇంట్లో వాసన వచ్చేది మామగారి గదిలోంచి."

"సుందరీ!"

"ఏమండీ? మీకు తెలియదా? సీసాలు మీరే పారేయించేవారు."

జయంతి ముఖం పాలిపోయింది. తల్లి ఎదురు మాట్లాడినందుకు అనుకున్నాడు బాలు. రోహిణి మాత్రం వేరే ఏదో ఉందనుకుంది. ఆడపడుచు చూపు తల్లి మీద లేదు. డాక్టర్ చేతిలోని కాగితం మీద ఉంది.

"పోయినవాళ్ళకు నేను జబ్బు పేరు పెట్టలేనండి" అన్నాడు డాక్టర్ మధు నెమ్మదిగా. "కానీ ఇప్పుడు మీరు చెప్పినవి, ఆ వణుకు, చొంగ, ఆగని ఇకిలింపు, చివరికి కాలేయం చెడి కడుపులో నీరు చేరడం, ఇవన్నీ ఈ జబ్బు గురించి మాకు పాఠం చెప్పేటప్పుడు చెప్పినవే."

"మందు ఉండేదా అప్పుడు?" అని అడిగింది బాలాత్రిపురసుందరి.

"ఉండేదమ్మా. గుర్తుపట్టేవాళ్ళే తక్కువ. ఇప్పుడైతే ముందే తెలుస్తుంది. మాత్రలు జీవితాంతం వేసుకోవాలి, అంతే. చదువు, ఉద్యోగం, పెళ్ళి, అన్నీ ఉంటాయి."



రోహిణి లేచి నిలబడింది.

"మా నాయనది సగం" అంది. "ఒప్పుకుంటున్న. ఎవ్వరి దగ్గర దాయ. మిగిలిన సగం ఎవరిది మామయ్యా?"

"ఏమిటా భాష?" అన్నాడు విశ్వేశ్వరరావు. అంత జరిగాక కూడా ఆయనకు ముందుగా వినబడింది అదే.

"ఇది మా భాష. పదహారేండ్లు మీ కోసం పక్కకు పెట్టిన. ఇగ పెట్ట. పిల్ల చేతులకెల్లి గిలాస జారిపడితే ఏమన్నరు? జాతి లక్షణం అన్నరు. బడిల రాత ఖరాబైతే మట్టిబుర్ర, అమ్మమ్మ పోలిక అన్నరు. కండ్లు పచ్చగైతే మా అమ్మ ఏం తినిపిచ్చి పంపిందో అన్నరు. రోజు పొద్దుగాల రాగి చెంబుల నీళ్ళు పోసి, మీద నిలబడి తాపిచ్చిండ్రు. పిల్ల కక్కుకుంటే పొగరన్నరు. డాక్టర్ సాబ్ రాగి బంద్ చెయ్యమన్నంక గూడ నేను లేనప్పుడు తాపిచ్చిండ్రు."

డాక్టర్ మధు తలెత్తాడు. "నేను చెప్పిన తర్వాత కూడానా?"

"అది మన సంప్రదాయమండి" అన్నాడు విశ్వేశ్వరరావు. "రాగి చెంబులో నీళ్ళు తాగినంత మాత్రాన..."

"ఆ పిల్లకు అది విషం అని నేను మీకే చెప్పాను. మీ ఎదురుగా కూర్చునే చెప్పాను."

"రోహిణీ, ఇక్కడొద్దు. ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం" అన్నాడు బాలు.

"నువ్వు మ్యూట్‌ల ఉండు బాలూ. నీకు అలవాటే గదా."

బాలు నోరు మూసుకున్నాడు. నిజంగానే అలవాటు.

విశ్వేశ్వరరావు చేతికర్ర లేకపోయినా ఉన్నట్టు కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని లేచాడు. "పద సుందరీ. జయంతీ, లే. చదువుకున్నవాళ్ళు కూర్చునే చోటు కాదు ఇది."

జయంతి లేవలేదు.

"డాక్టరుగారూ" అంది. "నాన్నగారిలో ఉన్నది నాకూ వచ్చి ఉండొచ్చా?"

"సగానికి సగం అవకాశం ఉందమ్మా. కానీ మీకొక్కరికే ఉంటే ఏమీ కాదు. మీవారి వైపు కూడా ఉంటేనే పిల్లలకు ప్రమాదం. బయటి సంబంధమైతే అది చాలా అరుదు."

"బయటి సంబంధం కాదు. మా ఆయన మా మేనత్త కొడుకే. నాన్నగారి చెల్లెలి కొడుకు."

డాక్టర్ మధు కలం కింద పెట్టాడు.

ఈ మేనరికం గురించి విశ్వేశ్వరరావు చెప్పుకోని పెళ్ళి లేదు, చెప్పుకోని పేరంటం లేదు. కొడుకు చెయ్యిజారి నార్సింగి పిల్లను చేసుకున్నా, కూతురి విషయంలో మాత్రం బయటి నెత్తురు చుక్క కూడా రానివ్వలేదని రోహిణి వినేలాగే చెప్పేవాడు. ఆ అల్లుడు కామేశ్వరరావు నోట్లో నాలుక లేని మనిషి. మామగారు ఏదంటే అది.

"పిల్లలు ఎంతమంది?" అన్నాడు డాక్టర్.

"ఒక్కడే" అని విశ్వేశ్వరరావు జవాబిచ్చాడు. "రోహిత్. సాఫ్ట్‌వేర్. బెంగళూరులో ప్రాజెక్టు మీద ఉన్నాడు. రాయిలా ఉన్నాడు."

"బెంగళూరులో లేడు" అంది జయంతి.

"జయంతీ, నోర్ముయ్!"

"బెంగళూరులో లేడు, రోహిణీ" అని ఈసారి మరదలి వైపు తిరిగి చెప్పింది, తండ్రి ఆ గదిలో లేనట్టు. "మీ అందరికీ అబద్ధం చెప్పాం. శంకర్‌పల్లి దారిలో తాగుడు మాన్పించే చోట పెట్టాం వాణ్ణి. ఆఫీసులో మీటింగులో మాట తడబడిందట. కాఫీ కప్పు పట్టుకోలేక వాళ్ళ మేనేజరు మీద ఒలకబోశాడట. తాగి వచ్చాడని పంపించేశారు. నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు రోహిణీ, నేను తాగలేదమ్మా, ఏమవుతోందో నాకే తెలియట్లేదమ్మా అని. చెబుతూనే నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసి నాకు ఒళ్ళు మండింది. చెంప మీద కొట్టాను."

ఆమె ఏడవలేదు. ఏడుపుకు ఇంకా సమయం ఉందన్నట్టు గబగబా చెప్పుకుపోయింది.

"నాన్నగారు వచ్చి చూశారు. వాడు నడుస్తుంటే చూశారు. చూసి ఏమన్నారో తెలుసా? అచ్చం సుబ్బరాయుడే అన్నారు."

రోహిణి మామగారి వైపు చూసింది. ఇంతకాలం ఆ మనిషంటే భయం ఉండేది, కొంత కోపం ఉండేది. ఎక్కడో ఒక మూల, పెద్దవాడు కదా అన్న మర్యాద కూడా ఉండేది. ఇప్పుడు చూస్తే అవేవీ కనబడలేదు. విభూతి చెమటకు తడిసి కనుబొమల మీదికి జారుతున్న ఒక ముసలివాడు కనిపించాడు.

"అంటే నీకు ఎరుకే" అంది. "మీ ఇంట్ల ఒక మనిషికి గిట్లనే అయిందని ఎరుకే. మనవడికి అదే వచ్చిందని గూడ కండ్లార చూసినవ్. చూసి గదిల ఏసి తాళం పెట్టినవ్. ఇంటికొచ్చి నా బిడ్డకు వచ్చింది మాత్రం ఎల్లేశం నెత్తురు అన్నవ్."

"నేను... పరువు కోసం..."

"ఎవల పరువు? తమ్ముని శవం తెచ్చుకోనోనికి పరువేంది?"

విశ్వేశ్వరరావు జవాబు కోసం భార్య వైపు చూశాడు. యాభై ఏళ్ళుగా ఆయన మాట తడబడినప్పుడల్లా అందుకుని సర్దిన మనిషి ఆవిడ. బాలాత్రిపురసుందరి కుర్చీ కాస్త జరుపుకుని కూతురి పక్కకు వెళ్ళి కూర్చుంది.

డాక్టర్ మధు లేచాడు. "అమ్మా, చూడకుండా నేను ఏదీ ఖాయంగా చెప్పలేను. కానీ మీ అబ్బాయిని ఇవాళే, ఇప్పుడే ఇక్కడికి తీసుకురావాలి. అక్కడ ఏం మందులు ఇస్తున్నారు?"

"గొడవ చేయకుండా ఏవో ఇంజెక్షన్లు ఇస్తున్నామన్నారు."

"మనిషిని మత్తుగా ఉంచడానికి ఇచ్చే కొన్ని మందులు ఈ జబ్బులో పరిస్థితిని దిగజారుస్తాయి. ఒళ్ళు బిగుసుకుపోతుంది, మింగడం కష్టమవుతుంది. ముందు అవి ఆపమని చెప్పండి. ఫోన్ చెయ్యండి. నేను కూడా మాట్లాడతాను."

జయంతి ఫోను బయటికి తీసింది. రోహిణి అందుకుని నంబరు కలిపి, అందరికీ వినబడేలా స్పీకరు మీద పెట్టి ఆమె చేతికిచ్చింది. చాలాసేపు మోగాక ఎవరో మగమనిషి ఎత్తాడు. వెనక టీవీ పాటలు వినిపిస్తున్నాయి.

"నేను రోహిత్ వాళ్ళమ్మను. వాడికిస్తున్న మందులన్నీ ఆపెయ్యండి. మేం బయల్దేరి వస్తున్నాం. వాణ్ణి తీసుకెళ్ళిపోతాం."

"ఎవరు, ఆ వణికే పిల్లగాడా? నిన్న పొద్దుగాలనే పెద్ద సార్‌కు ఫోన్ చేసినం గదమ్మా."

"ఏ పెద్ద సార్?"

"చేర్పిచ్చిండు చూడు, తాత. ఆయనకే. పిల్లగాడు నీళ్ళు గూడ మింగుతలేడు, మాట బందైంది, దవాఖానకు తీస్కపోమంటరా అని అడిగినం. అవన్ని నాటకాలు, జర గట్టిగ ఉండుండ్రి, ఆకలైతే వాడే తింటడు అన్నడు."

విశ్వేశ్వరరావు నిలబడినవాడు నిలబడినట్టే ఉన్నాడు. "ఇదివరకు కూడా వాడు అలాగే..." అని మొదలుపెట్టి, ఎవరూ తన వైపు చూడటం లేదని గ్రహించి ఆగిపోయాడు.

"ఇప్పుడెలా ఉన్నాడు?" అంది జయంతి. "వాడికి ఒకసారి ఫోనివ్వండి. మాట్లాడలేకపోయినా ఫరవాలేదు, చెవి దగ్గర పెట్టండి."

టీవీ చప్పుడు ఆగింది. ఎవరో ఎవరితోనో గుసగుసగా మాట్లాడారు. ఫోను చేతులు మారింది. ఈసారి వేరే గొంతు, తగ్గించి మాట్లాడుతున్న గొంతు.

"అమ్మా, మీరు ఒక్కలే ఉన్నరా? పక్కన మొగోళ్ళు ఎవరన్న ఉన్నరా?"

జయంతి తండ్రి వైపు చూడలేదు. తమ్ముడి వైపూ చూడలేదు. ఫోను రోహిణి చేతిలో పెట్టింది.

"ఉన్నం" అంది రోహిణి. "చెప్పు."